మూసెయ్యాల్సిన డిపో

పిలిచి నాలుగు మాటలడిగి, నచ్చితే రమ్మని, నచ్చకపోతే పొమ్మనే రోజులు పోయాయి. ఆ పార్శిళ్ళ కంపెనీవాళ్ళకి అంత తేలిగ్గా తృప్తి కలగదు. పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా పన్నెండుమందిని రప్పించి, ఒక్కొక్కరి మెడలో నంబరు బిళ్ళ తగిలించి, సాయంత్రం దాకా కూర్చోబెట్టి, నిలబెట్టి, వాదించుకోమని గదిలో వదిలి, ఎవరెంత తట్టుకుంటారో చూసి, చివరికి అందులో ఒక్కరికి ఉద్యోగమిస్తారట. ఆస్పత్రిలో కూడా ఇన్ని పరీక్షలు చెయ్యరు.

నాలుగో నంబరు బిళ్ళ చిన్నిది. చిన్ని అన్నది ఇంట్లో పిలుపు. ముప్పై ఒకటో ఏడు వచ్చినా అది వదల్లేదు, ఆమె కూడా వదిలించుకోవాలనుకోలేదు. రెండేళ్ళుగా ఒక గోడౌన్ ఆఫీసులో లెక్కలు చూస్తోంది. మూడేసి నెలల ఒప్పందం మీద ఉద్యోగం. మూడో నెల దగ్గరపడేకొద్దీ మేనేజరు నవ్వితే ఒక రకంగా, నవ్వకపోతే ఇంకో రకంగా భయం వేసేది. ఈసారి మేనేజరు నవ్వనూ లేదు, నవ్వకుండానూ లేడు. నెలాఖరుతో చాలని చెప్పేశాడు. ఈ పార్శిళ్ళ కంపెనీలో ప్లానింగ్ విభాగం ఉద్యోగం వస్తే అది పర్మినెంటు. రాకపోతే ఒకటో తారీఖున పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో ఆమెకు తెలియదు.

ఈ ఉద్యోగంలో ఇంకో చిక్కుంది. అదే కంపెనీకి ఊరి చివర ఉన్న డిపోలో ఆమె అన్నయ్య లోడింగ్ మేస్త్రీ. పద్దెనిమిదో ఏట మూటలెత్తడానికి చేరి, ఇరవై నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నాడు. చెల్లెలికంటే పదకొండేళ్ళు పెద్ద. ఆమె కాలేజీ ఫీజు కట్టిందీ అతనే, పరీక్షలకి సైకిల్ మీద దింపిందీ అతనే. దరఖాస్తులో 'మా సంస్థలో మీ బంధువులెవరైనా పనిచేస్తున్నారా' అనే ప్రశ్న దగ్గర చిన్ని పెన్ను ఆగినప్పుడు, పక్కన కూర్చుని చూస్తున్నది కూడా అతనే.

"లేరని పెట్టు," అన్నాడు.

"తప్పు కదన్నయ్యా."

"ఉన్నారని పెడితే మేస్త్రీ చెల్లెలు మేస్త్రీ సిఫార్సుతో వచ్చిందంటారు. నేనంటే గిట్టనివాళ్ళు పైన ఇద్దరున్నారు. నీ తెలివికి నేనెందుకు అడ్డం? పెట్టు."

పెట్టింది. టిక్కే కదా, గోరంత గీత. దాని కిందే, తప్పుడు వివరాలిస్తే ఏ దశలోనైనా తొలగిస్తామని చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంది. చిన్ని దాన్నీ చదివింది. చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు, అదే ఆమెతో వచ్చిన బాధ.

పొద్దున మొదటి పరీక్ష లెక్కలది. నలభై నిమిషాలు, యాభై ప్రశ్నలు. ఆ గదిలో ఏసీ చప్పుడు, పెన్నుల చప్పుడు తప్ప ఇంకేమీ లేవు. చిన్నికి లెక్కలంటే భయం లేదు. కానీ పక్కనున్న రెండో నంబరు, మెరిసే టై కట్టుకున్న కుర్రాడు, ఆమె పద్దెనిమిదో ప్రశ్నలో ఉండగానే కాగితం తిప్పేశాడు. దాంతో ఆమె అరచేతులు తడిసిపోయాయి. పెన్ను జారుతుంటే రుమాలు చుట్టి రాసింది. టీ వేళకి ఫలితాలు గోడకి అంటించారు. పన్నెండుమందిలో ఏడుగురు బిళ్ళలు తీసి బల్లమీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయారు. మిగిలిన అయిదుగురిలో చిన్ని ఉంది. టై కుర్రాడూ ఉన్నాడు. అతనికంటే తనకి మూడు మార్కులెక్కువని చూసుకుని, ఆమె టీ తెచ్చుకుంది.

తర్వాతది బృంద చర్చ. గుండ్రటి బల్ల చుట్టూ అయిదుగురు, గోడవార కుర్చీల్లో చూసేవాళ్ళిద్దరు. ఒకరు ప్లానింగ్ విభాగం పెద్ద, దళసరి కళ్ళద్దాలాయన. రెండోవారు హెచ్చార్ మేడమ్. ఇద్దరి ఒళ్ళోనూ అట్టలకి బిగించిన కాగితాలు, చేతుల్లో పెన్నులు. ఎవరు ఏం మాట్లాడినా ఆ పెన్నులు కదులుతాయి. ఏం రాశారో దేవుడికే తెలియాలి.

మేడమ్ ఇక్కడి విషయాలు బయటికి చెప్పబోమని ఒక్కొక్కరి చేతా సంతకం పెట్టించుకుని, ఆరేసి పేజీలు పంచింది. "మూడు డిపోల వివరాలున్నాయి. ఎ, బి, సి. వాటిలో ఒకదాన్ని మూసెయ్యాలి. దేన్ని, ఎందుకు, ఎలా అన్నది నలభై అయిదు నిమిషాల్లో అందరూ కలిసి తేల్చాలి. కాగితంలో ఉన్న సమాచారం మాత్రమే వాడండి. బయటి విషయాలు తేవద్దు."

చిన్ని మొదటి రెండు పేజీలూ చకచకా చదివేసింది. మూడో పేజీలో సి డిపో వచ్చింది. సిబ్బంది ముప్పై ఎనిమిది మంది. తలుపులు నాలుగు, వాడుకలో మూడే. రెండో తలుపు షట్టరు బిగుసుకుపోయి పద్నాలుగు నెలలైంది, మరమ్మతు అభ్యర్థన పెండింగులో ఉంది.

ఆ షట్టరు సంగతి చిన్నికి కంఠతా వచ్చు. పద్నాలుగు నెలలుగా రోజూ అన్నం దగ్గర వింటోంది. వదిన అయితే, ఆ షట్టరు బాగయ్యే రోజున ఊరంతటినీ భోజనానికి పిలుస్తానని మొక్కుకుంది. చిన్ని ఆ పేజీ ఇంకోసారి చదివింది. ముప్పై ఎనిమిదిలో ఒకడు తన అన్నయ్య.

"సి," అన్నాడు టై కుర్రాడు, అందరూ పేజీలు తిప్పడం పూర్తికాక ముందే. "ఇందులో ఆలోచించడానికేముంది? పార్శిల్ వచ్చాక బండెక్కడానికి ఎ డిపోలో పాతిక నిమిషాలు, బి లో ముప్పై. సి లో డెబ్భై అయిదు. వాళ్ళు పడుకుని పనిచేస్తున్నట్టున్నారు."

ఇద్దరు నవ్వారు. చిన్నికి ఒళ్ళు మండిపోయింది. ఆ డెబ్భై అయిదు నిమిషాలూ ఎందుకో ఆమెకు తెలుసు. అన్ని డిపోల్లోనూ పార్శిల్‌ని బెల్టు మీంచి తీయగానే స్కాన్ చేసేస్తారు. స్కాన్ అయితే కంప్యూటరు దృష్టిలో అది బండెక్కినట్టే, నిజంగా ఎక్కినా ఎక్కకపోయినా. అన్నయ్య డిపోలో అలా కాదు. బండిలో దాని చోట పెట్టాకే స్కాన్. తొమ్మిదేళ్ళ క్రితం స్కానైన మందుల పెట్టె ఒకటి బెల్టు వెనక పడి ఎనిమిది రోజులుండిపోయింది. కంప్యూటరు మాత్రం అది వెళ్ళిపోయిందంది. డ్రైవరే కాజేశాడని అతన్ని తీసేశారు. పెట్టె దొరికాక కూడా ఆ డ్రైవరు తిరిగి రాలేదు. అప్పటినుంచీ అన్నయ్య ఆ పద్ధతి పెట్టాడు. వాళ్ళూ మిగతావాళ్ళంత వేగంగానే ఎత్తుతారు. గడియారం మాత్రం ఆలస్యంగా ఆగుతుంది. అక్కణ్ణించి ఒక్క పెట్టె పోయిందని ఫిర్యాదు రాదు. ఆ ఫిర్యాదుల లెక్క ఈ ఆరు పేజీల్లో ఎక్కడా లేదు.

"ఈ సమయాన్ని మూడు చోట్లా ఒకేలా కొలుస్తున్నారో లేదో తెలిస్తే బాగుండేది," అంది చిన్ని, గొంతు మామూలుగా ఉంచాలని చూస్తూ.

"కాగితంలో ఉన్నదే వాడమన్నారు కదండీ," అన్నాడు టై కుర్రాడు మర్యాదగా. ఆ మర్యాద చూస్తే చెంప వాయించాలనిపించేలా ఉంది. "మనం అనుమానాలు పెట్టుకుంటే సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాం."

కళ్ళద్దాలాయన పెన్ను టై కుర్రాడి వైపు కదిలింది. చిన్ని వైపు కదల్లేదు. పది నిమిషాలు గడిచాయి. మిగతా నలుగురూ ఒకరి మాట మీద ఒకరు మాట వేస్తున్నారు. చిన్ని నోరు తెరిచి ఏమని చెప్పాలి? మీకెలా తెలుసంటే మా అన్నయ్య అక్కడే అనాలి. అంటే ఆ టిక్కు బయటపడుతుంది. తన పేరున్న కాగితం గోడవార ఖాళీగా ఉందని ఆమెకు తెలుస్తూనే ఉంది.

ఇదంతా ఉత్త కాగితమే అనుకుంది. పరీక్ష కోసం పాత లెక్కలేవో తీసి ఇచ్చి ఉంటారు. ఇక్కడ అయిదుగురు నిరుద్యోగులు మూసెయ్యమంటే నిజంగా మూసేస్తారా ఎవరైనా? అలా అనుకోగానే కాస్త ఊపిరాడింది. మనిషి తనకి కావలసిన మాట తనే చెప్పుకుంటే ఎంత హాయిగా ఉంటుందో!

"మూసెయ్యమనడం తేలికే," అంది. "ఎలా మూస్తామో చెప్పకపోతే సగం పనే అవుతుంది. నాకో అయిదు నిమిషాలివ్వండి."

లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. మార్కరు చేతిలోకి రాగానే ధైర్యం వచ్చింది. లెక్కలు ఆమె మాట వినే ఒకే ఒక్క చోటు. సి డిపో సరుకు రెండు పాళ్ళు ఎ కి, ఒక పాలు బి కి. ముందు చిన్న బండ్లు, తర్వాత పెద్దవి. మొత్తం ఆరు వారాలు. ముప్పై ఎనిమిది మందిలో పదేళ్ళలోపు సర్వీసున్నవాళ్ళు పన్నెండుమంది, జీతం తక్కువ, కొత్త పద్ధతులు త్వరగా నేర్చుకుంటారు. వాళ్ళకి మిగతా రెండు డిపోల్లో చోటు సరిపోతుంది. పదీ ఇరవై మధ్య పదిహేడు, ఇరవై దాటినవాళ్ళు తొమ్మిది. ఆ ఇరవై ఆరుగురికీ నోటీసు. గోడవార రెండు పెన్నులూ ఆగకుండా కదులుతున్నాయి.

"సి డిపో మూసెయ్యాలనేవాళ్ళు చెయ్యెత్తండి," అన్నాడు టై కుర్రాడు. నాలుగు చేతులు లేచాయి. అయిదోది చిన్నిది. అది కూడా లేచింది.

మధ్యాహ్నం భోజనం డబ్బాల్లో ఇచ్చారు. తినబోతుంటే మేడమ్ వచ్చి పంచిన కాగితాలన్నీ వెనక్కి తీసుకుని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఒక పేజీ తక్కువొచ్చింది. ఆవిడ మొహం పాలిపోయింది. బల్లల కింద, సంచుల్లో, చెత్తబుట్టలో వెతికించింది. చివరికి అది టై కుర్రాడి ఫైలుకి అంటుకుని దొరికింది.

"ఒక్క పేజీకి ఇంత కంగారెందుకు మేడమ్?" అన్నాడతను నవ్వుతూ. "పరీక్ష పేపరే కదా."

"ఇవి ఈ నెల లెక్కలండీ, పేర్లే మార్చాం," అందావిడ కాగితాలు గుండెకి హత్తుకుని. "శుక్రవారం పైవాళ్ళు కూర్చుని తేల్చేదాకా బయటికి పొక్కకూడదు. మీరంతా సంతకాలు పెట్టారు, గుర్తుంది కదా."

చిన్ని చేతిలో ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. ఆ రోజు మంగళవారం.

ఇంటర్వ్యూకి ఆమెను చివర్లో పిలిచారు. అంతసేపూ వసారాలో ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుంది. పైవాళ్ళు వాళ్ళ తిప్పలేవో వాళ్ళు పడతారు అనుకుంది. తను చెప్పినంత మాత్రాన ఆగుతుందా? ముందు ఉద్యోగం తెచ్చుకుంటే, ఒకవేళ అన్నయ్యకి ఏదైనా అయినా ఇల్లు తను చూసుకోవచ్చు. ఈ ఆలోచన చాలా తెలివైనదిగా కనిపించింది. అంత తెలివైనదిగా కనిపించినందుకే ఆమెకు తనమీద తనకి అసహ్యం వేసింది.

"కూర్చోండమ్మా," అన్నాడు కళ్ళద్దాలాయన. మొహంలో పొద్దున లేని కళ ఉంది. "మీ ఆరు వారాల లెక్క చాలా శుభ్రంగా ఉంది. మావాళ్ళు నెల్లాళ్ళు కూర్చుని తయారుచేసిన దానికి దగ్గరగా ఉంది. దాచడం ఎందుకు, పొద్దున్నుంచీ మీరే ముందున్నారు."

మేడమ్ కూడా నవ్వింది. చిన్నికి ఏడుపొచ్చినంత పనైంది.

"చివరగా ఒకటి," అన్నాడాయన. "పొద్దున తీసుకున్న నిర్ణయంలో ఇప్పుడు ఏదైనా మారుస్తారా?"

లేదండి అంటే సరిపోయేది. ఒక్క మాట. బల్లమీద గ్లాసు తీసుకుని ఒక గుక్క నీళ్ళు తాగింది.

"మారుస్తానండి," అంది. "సి డిపో మూయకూడదు."

ఆయన కళ్ళద్దాలు తీశాడు.

"ఆ డెబ్భై అయిదు నిమిషాలూ నిజం కాదండి. అక్కడ బండిలో పెట్టాకే స్కాన్ చేస్తారు. మిగతా రెండు చోట్లా బెల్టు దగ్గరే చేసేస్తారు. వాళ్ళు నిదానం కాదు, మీరు గడియారం ఆపే చోటు వేరు. పోయిన పార్శిళ్ళ ఫిర్యాదులు డిపోల వారీగా తీసి చూడండి, తెలిసిపోతుంది."

"ఇది కాగితంలో లేదే."

"లేదండి."

"మరి మీకెలా తెలుసు?"

కిటికీ అవతల ఎవరో లారీని వెనక్కి తీస్తున్నారు, కీ కీమని చప్పుడొస్తోంది. అది ఆగేదాకా చిన్ని ఆగింది.

"అక్కడి లోడింగ్ మేస్త్రీ మా అన్నయ్యండి."

మేడమ్ ఫైలు తెరిచి, రెండు పేజీలు తిప్పి, వేలు ఒకచోట ఆపింది. "ఇక్కడ బంధువులు లేరని పెట్టారు."

"పెట్టానండి."

"ఈ సంగతి మీ అన్నయ్యకి తెలుసా?"

పొద్దున్నుంచీ అడిగిన ప్రశ్నలన్నిట్లో తడుముకోకుండా జవాబిచ్చింది ఈ ఒక్కదానికే. "తెలియదండి," అంది. నిజం చెప్పాలని గుండె చిక్కబట్టుకుని వచ్చిన మనిషి, రెండో నిమిషంలోనే ఇంకో అబద్ధం ఆడింది. ఈ అబద్ధానికి ఆమె సిగ్గుపడలేదు.

కళ్ళద్దాలాయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "దీనిమీద నా చేతిలో ఏమీ లేదమ్మా. తప్పు వివరం ఉంటే పక్కన పెట్టాల్సిందే. అది రూలు."

"తెలుసండి. చదివే పెట్టాను. నన్ను పక్కన పెట్టండి, ఆ స్కాన్ సంగతి మాత్రం రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. ఒక వాక్యం కంటే ఎక్కువ రాసినట్టు లేదు. "శుక్రవారం కూర్చునేది నలుగురం," అన్నాడు. "నేను ఒకణ్ణి. చెప్పి చూస్తాను. అంతకంటే మాటివ్వలేను."

చిన్ని మెడలోంచి బిళ్ళ తీసి బల్లమీద పెట్టింది.

ఇంటికెళ్ళేసరికి అన్నయ్య అప్పుడే పనిలోంచి వచ్చి, వాకిట్లో కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసుకుంటున్నాడు. చెల్లెలి మొహం చూసి, చేతులు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, మెట్టు మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.

"రాలేదు," అంది చిన్ని కూర్చుంటూ.

"పోనీలే. ఇది కాకపోతే ఇంకోటి. ఒకటో తారీఖు గురించి దిగులు పెట్టుకోకు, నా ఉద్యోగం ఉందిగా."

ఆ మాటకి చిన్నికి దుఃఖం పొంగుకొచ్చింది. లోపల వదిన గిన్నెలు సర్దుతున్న చప్పుడు. ఎవరికీ చెప్పనని సంతకం పెట్టిన కాగితం ఆ ఆఫీసులోనే ఉంది, అన్నయ్య ఇక్కడున్నాడు.

"రేపటినుంచి మీరు కూడా బెల్టు దగ్గరే స్కాన్ చేసెయ్యండన్నయ్యా," అంది.

"ఎందుకూ?"

"చెయ్యండి. లెక్కల్లో త్వరగా అయినట్టు పడుతుంది."

"లెక్కల్లో పడుతుంది, బండిలో పడొద్దూ?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. ఇరవై నాలుగేళ్ళుగా బరువులు మోస్తూ, మోయిస్తూ ఉన్నవాడు, మనిషి మోస్తున్నదేమిటో చూస్తే తెలుసుకోగలడు. "ఏమైంది చిన్నీ?"

చెప్పింది. కాగితాలు, షట్టరు, డెబ్భై అయిదు నిమిషాలు, శుక్రవారం. తను ఇంటర్వ్యూలో చెప్పినదీ, ఆ టిక్కు బయటపడినదీ, అతనికి తెలియదని చెప్పినదీ. అన్నయ్య తువ్వాలు కొస వేలికి చుడుతూ, విప్పుతూ విన్నాడు.

"నాకోసం నోటికాడ కూడు పోగొట్టుకున్నావు," అన్నాడు చివరికి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అక్కడితో ఆపెయ్యొచ్చు. అన్నయ్య ఆమెను దేవతను చూసినట్టు చూస్తున్నాడు. అదే ఆమెను ఆపనివ్వలేదు.

"పొద్దున నేను కూడా చెయ్యెత్తానన్నయ్యా. ఆ డిపో మీదేనని తెలిశాకే ఎత్తాను. ఎలా మూయాలో లెక్క కట్టింది కూడా నేనే. ఆరు వారాలు. పన్నెండుమందిని వేరే డిపోలకి సర్దొచ్చని బోర్డు మీద రాశాను."

అన్నయ్య వేలికి చుట్టిన తువ్వాలు అలాగే ఉండిపోయింది. అరుస్తాడనుకుంది. లేచి వెళ్ళిపోతాడనుకుంది. అతను వీధి వైపు చూస్తూ, తన డిపోలో మనుషుల్ని ఒక్కొక్కరినే మనసులో లెక్కపెట్టుకుంటున్నట్టు కాసేపు కూర్చున్నాడు.

"ఆ పన్నెండుమందిలో నేనున్నానా?" అని అడిగాడు.

"లేవు," అంది చిన్ని. పొద్దున్నుంచీ ఇచ్చిన జవాబులన్నిటికంటే దీనికే ఎక్కువసేపు పట్టింది.